గుండె మీది మచ్చల గుట్టు విప్పిన ఆషాఫ్

భారత్‌లోనూ, పొరుగు దేశాల్లోనూ పేద కుటుంబాల పిల్లలను ఇప్పటికీ వెంటాడుతున్న జబ్బుల్లో రుమాటిక్ గుండె జబ్బు ఒకటి. మామూలు గొంతునొప్పిగా మొదలై, కొన్నేళ్లకు గుండె కవాటాలను పాడుచేస్తుంది. ఈ జబ్బు గుండె కండరంలో వదిలే ఆనవాళ్లను మైక్రోస్కోపు కింద పట్టుకున్నది జర్మన్ పాథాలజిస్టు లుడ్విగ్ ఆషాఫ్. వైద్య విద్యార్థులు ‘ఆషాఫ్ బాడీస్’ పేరుతో నేటికీ చదివేది వాటి గురించే.

ఆషాఫ్ 1866లో బెర్లిన్‌లో ఒక వైద్యుడి ఇంట పుట్టారు. బాన్, బెర్లిన్, స్ట్రాస్‌బర్గ్‌లలో చదివారు. 1903లో మార్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. గుండె ఎందుకు బలహీనపడి ఆగిపోతుందన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న. కండరంలో వచ్చే వాపే కారణమని చాలామంది నమ్మేవారు. ఆ నమ్మకాన్ని పరీక్షించే పనిని జపాన్ నుంచి వచ్చిన యువ వైద్యుడు సునావో తవారాకు ఆషాఫ్ అప్పగించారు. తవారా దాదాపు 150 గుండెలను పరిశీలించారు. గుండె వైఫల్యాన్ని వివరించేంత వాపు వాటిలో కనిపించలేదు.

కానీ శ్రమ వృథా కాలేదు. రుమాటిక్ జ్వరం సోకిన గుండెల్లో, చిన్న రక్తనాళాల పక్కన ఉండే సంయోజక కణజాలంలో ప్రత్యేకమైన చిన్న కణుపులు కనిపించాయి. ఆషాఫ్ 1904లో వాటిని వర్ణించారు. గుండె లయను నడిపించే కణజాలం వైపు మళ్లిన తవారా ఏవీ నోడ్‌ను కనుగొన్నారు. 1906లో శిష్యుడి పేరుతోనే వెలువడిన ఆ గ్రంథానికి ఆషాఫ్ ముందుమాట రాశారు.

ఆ కణుపులు అలాగే ఉండిపోవు. వాటిలోని పెద్ద కణాలు మాక్రోఫేజ్‌ల కోవకు చెందినవని తర్వాతి పరిశోధనల్లో తేలింది. వాపు తగ్గాక ఫైబ్రోబ్లాస్ట్‌లు అనే సంయోజక కణాలు కొల్లాజెన్ పోగులు అల్లి ఆ చోటును పూడుస్తాయి. చర్మం మీది గాయం మానడానికి సాయపడే పనే ఇది. కానీ గుండెలో మచ్చ కట్టిన చోట కండరంలా సంకోచించే శక్తి ఉండదు. ఇలాంటి మచ్చ కవాటాల మీద పడితే రేకులు మందమై, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మిట్రల్ కవాటం ఇరుకై, ఊపిరితిత్తుల్లో రక్తం ఒత్తిడి పెరుగుతుంది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం వెనకున్న కథ ఇదే.

1906లో ఫ్రైబర్గ్‌కు మారిన ఆషాఫ్ 1936లో పదవీ విరమణ చేసే దాకా అక్కడే పనిచేశారు. ఆయన ప్రయోగశాలకు ఎన్నో దేశాల వైద్యులు, ముఖ్యంగా జపనీయులు వచ్చేవారు. శరీరమంతటా వ్యర్థాలను మింగే కణాలను ఒకే వ్యవస్థగా చూసి, దానికి రెటిక్యులో ఎండోథీలియల్ వ్యవస్థ అని పేరు పెట్టిందీ ఆయనే. 1942లో ఫ్రైబర్గ్‌లోనే కన్నుమూశారు.

పెన్సిలిన్ అప్పుడప్పుడే రోగుల మీద వాడకంలోకి వస్తోంది. స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతు ఇన్ఫెక్షన్‌కు సకాలంలో ఆ మందు పడితే రుమాటిక్ జ్వరాన్ని చాలావరకు ఆపొచ్చు. ఒకసారి జ్వరం వచ్చినవారికి మూడు నాలుగు వారాలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ కొత్త దాడులను అడ్డుకుంటుంది. కట్టిన మచ్చను మాత్రం ఏ మందూ చెరపలేదు. అందుకే పిల్లల గొంతునొప్పిని తేలిగ్గా వదిలేయకూడదు.