పాట్రిక్ రస్సెల్ : సముద్రతీరమున పాఠము నేర్చిన వైద్యుడు

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతముల పల్లెలలో వేరుసెనగ చేలయందు పనిచేయువారికి రక్తపింజరి యను పామును గూర్చి వేరుగా జెప్ప నక్కఱలేదు. ఎండుటాకులలో చుట్టలు చుట్టుకొని, కొలిమితిత్తి నూదినట్లు బుసకొట్టు నా పామును శాస్త్రజ్ఞులు ప్రపంచమంతటను ఒక మనుష్యుని పేరుతో పిలుచుచున్నారు. ఆ మనుష్యుడే పాట్రిక్ రస్సెల్. ఈయన తెలుగుతీరమున కొన్ని సంవత్సరములు నివసించి, చేపలను, పాములను తన కన్నులతో జూచి, వాని తెలుగు పేళ్లను వ్రాసికొని, లోకమునకు దెలిపిన వైద్యుడు. ఈయన చరిత్రమును మన విద్యార్థులు తెలిసికొనుట మేలు.

రస్సెల్ స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున జన్మించెను. అచ్చటనే వైద్యవిద్య నభ్యసించెను. ఈయన అన్నయగు అలెగ్జాండరు సిరియా దేశమందలి అలెప్పో పట్టణమున ఆంగ్ల వర్తకులకు వైద్యుడుగా నుండి, ఆ పట్టణపు ప్రకృతిచరిత్రమును 1756లో ప్రకటించిన పండితుడు. 1750లో పాట్రిక్ అన్నను జేరి, పిమ్మట ఆయన స్థానమున తానే వైద్యుడయ్యెను. 1760 మొదలు 1762 వఱకు ఆ పట్టణమున మహామారి చెలరేగెను. రస్సెల్ ఊరు విడిచిపోలేదు. రోగులకు చికిత్స చేయుచు, వ్యాధిలక్షణములను శ్రద్ధతో వ్రాసియుంచెను. ఆ వ్రాతల ఫలముగా 1791లో మహామారిని గూర్చి ఒక గొప్ప గ్రంథము వెలువడినది. చూచినదానిని చూచినట్లు వ్రాయుట యను గుణ మాయనకు అచ్చటనే అలవడినది.

1781లో ఈయన తమ్ముడైన క్లాడ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా విశాఖపట్టణమునకు బయలుదేరగా, అన్న వెంట వచ్చెను. అప్పటికే ఆయనకు ఏబదియేండ్లు దాటినవి. ఆ వయస్సున పలువురు విశ్రాంతిని గోరుదురు. రస్సెల్ మరల విద్యార్థి యయ్యెను. ఆ కాలమున కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా కోనిగ్ అను నతడుండెను. అతడు స్వీడను దేశపు ప్రఖ్యాత పండితుడైన లినేయసునకు శిష్యుడు. 1785లో అతడు కాకినాడ సమీపమున మరణింపగా, ఆ పదవి రస్సెలునకు లభించెను.

విశాఖపట్టణపు తీరమున ప్రతిదినమును వలలు ఒడ్డునకు వచ్చుచుండును. చేప నీటనుండి వెలువడిన కొంతసేపటికే దాని వన్నెలు మాసిపోవును. సారాయిలో నుంచిన చేప తెల్లబాఱి, బ్రదికియున్నప్పటి రూపమును దెలుపజాలదు. కావున చేపలను నిజముగా నెఱుగవలెనన్న గ్రంథాలయము చాలదు, ఒడ్డునకు బోవలెను. రస్సెల్ చేపలను సేకరించి, దేశీయ చిత్రకారునిచేత బొమ్మలు వ్రాయించి, ప్రతిదాని రెక్కలను, పొలుసులను, పండ్లను పరీక్షించి వర్ణించెను. ఇట్లు 200 చేపల వర్ణనలును చిత్రములును గల గ్రంథము రెండు సంపుటములుగా 1803లో లండనున అచ్చయ్యెను.

ఆ గ్రంథమున మనకు ముఖ్యమైన విశేష మొకటి కలదు. ఆయన ఆ చేపలను తీరవాసులు పిలుచు పేళ్లతోనే పేర్కొనెను. చెవికి వినబడినట్లు ఆంగ్లాక్షరములలో వ్రాయుటచే కొన్ని పేళ్లు వింతగా మాఱినవి గాని, వానిని నెమ్మదిగా జదివినచో తెలుగుమాటలు బయటపడును. మన జాలరులు సావళ్లు అనెడి కత్తివంటి పొడుగుపాటి వెండిచేపకు ఫ్రెంచి పండితుడగు కువియే 1829లో పెట్టిన శాస్త్రనామమందు సవల యను మాట నేటికిని నిలిచియున్నది. పేరు చెప్పినవారు లేక ఆ పేరు ఆ గ్రంథమున జేరదు గదా! వైద్యుడు ప్రశ్న అడిగెను. వల లాగువారు బదులు చెప్పిరి. అక్కడ ఉపాధ్యాయు లెవరు, విద్యార్థి ఎవడు?

చేపలకంటెను పాములవలన ఆయనకు ఎక్కువ కీర్తి కలిగినది. ఆ కాలమున ఏ పాము విషము గలది, ఏది లేనిది అను విషయమున ప్రజలలోను, దొరలలోను గూడ గొప్ప భ్రాంతి యుండెను. అందుచే నిరపాయమైన పాములు చంపబడుచుండెను. విషసర్పము కఱచినప్పుడు సరియైన ఆలోచన తోచకుండెను. రస్సెల్ పాములను తెప్పించి, వాని కోఱలను పరీక్షించి, కోళ్లపైనను కుక్కలపైనను విషపు ప్రభావమును జూచెను. ఈ ప్రయోగములు నేడు మనకు క్రూరముగా దోచును. అయినను పెక్కు పాములలో విషము గలవి కొన్నియే యని వాని మూలమున స్పష్టమయ్యెను. పాముకాటునకు మందని పేరొందిన తంజావూరు మాత్రను గూడ ఆయన పరీక్షించెను. దాని ఖ్యాతికి దగిన గుణము దానియందు గలదని ఆయనకు రుజువు కాలేదు. పదిమంది చెప్పినంత మాత్రమున ఏ మాటను ఆయన నమ్మలేదు.

ఇందును తెలుగు పేళ్లే కనబడును. రక్తపింజరిని ఆయన కాటుకరేకుల పొడ యను పేర వర్ణించెను. దాని వీపుమీది నల్లని అంచుల మచ్చలను జూచినవారికి ఆ పేరెంత తగినదో తెలియును. పసుపు నలుపు పట్టెలుగల మఱియొక పామును బంగారుపాము అని వ్రాసికొనెను. ఆ బంగారమను మాటయే కట్లపాముల జాతి కంతటికి శాస్త్రనామమై, లోకమందలి పుస్తకములలో బంగారస్ అను రూపమున నిలిచినది.

1789లో ఆయన స్వదేశమునకు మరలెను. పాములను గూర్చిన గ్రంథపు మొదటి సంపుటము 1796లో వెలువడినది. మఱుసటి సంవత్సరమే షా అను పండితుడు రక్తపింజరికి రస్సెల్ పేరు పెట్టెను. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి రాక్స్‌బరో రచించిన గ్రంథమునకు 1795లో పీఠిక వ్రాసినవాడును రస్సెలే. ఎనుబది యేండ్లకు జేరువయై, 1805వ సంవత్సరము జూలై 2వ తేదీన ఆయన లండనున మరణించెను. సర్పగ్రంథపు కడపటి భాగములు ఆయన మరణానంతరము అచ్చయినవి.

ఈ మహనీయుని చరిత్రమున లోపమే లేదని చెప్పరాదు. ఆయన దేశమును లోబఱచుకొనుచున్న వర్తకసంఘపు ఉద్యోగి. పామునకు ఆయన పేరు కలిగినది. దానిని పట్టి తెచ్చినవారి పేళ్లు, బొమ్మ వ్రాసినవాని పేరు మన పాఠ్యపుస్తకములలో కానరావు. అయినను వారి మాటలను ఆయన త్రోసివేయలేదు. అందుచే వారి భాష శాస్త్రమున మిగిలినది.

ఆయన తలపెట్టిన పని నేటికిని ముగియలేదు. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున ఏటేట సగటున 58,000 మంది పాముకాటుచే మరణించిరని 2020లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమునకు విరుగుడు మందు ఇప్పుడు ఆసుపత్రులలో గలదు. గాయమును కోయుట, విషమును నోట బీల్చుట, గట్టిగా త్రాళ్లు బిగించుట మానవలెను. కాటుతిన్నవారిని నడిపింపక, కదలింపక, వెంటనే ఆసుపత్రికి జేర్పవలెను. పామును సరిగా నెఱుగుట ప్రాణరక్షణకు మొదటిమెట్టని రెండువందల యేండ్లకు పూర్వమే రస్సెల్ గ్రహించెను.

1873లో అమెరికా దేశమున అగసీ అను పండితుడు పెనికీస్ అను చిన్న ద్వీపమున వేసవిపాఠశాల బెట్టి, ఉపాధ్యాయులను సముద్రపుటొడ్డుననే కూర్చుండబెట్టి ప్రాణిశాస్త్రము నేర్పెను. ఉపాధ్యాయుడు చూడనిది పిల్లలకు చూపజాలడని ఆయన యుద్దేశము. మన తిరుపతి జిల్లాకు 2022 నుండి సముద్రతీరము గలదు. సూళ్లూరుపేట చెంత పులికాటు సరస్సు, నేలపట్టున గూళ్లు గట్టు గూడబాతులు, వలలు ఆరవేయు జాలరిపల్లెలు మన కందుబాటులోనే యున్నవి. ప్రాథమిక తరగతుల పిల్లలను అచ్చటికి ఒక దినము గొనిపోవుట వినోదయాత్ర మాత్రమే కారాదు. ప్రతి బాలుడును ప్రతి బాలికయు ఒక పుస్తకము, ఒక పెన్సిలు గొనిపోవలెను. కనబడిన గవ్వనో, ఎండ్రకాయనో, పక్షినో బొమ్మ వ్రాయవలెను. దాని పేరేమని అచ్చటి పెద్దలను వినయముతో నడిగి, వారు చెప్పినట్లే వ్రాసికొనవలెను. ఇంటికి వచ్చిన పిమ్మట పుస్తకము తెఱచి సరిచూచుకొనవలెను. పాములను మాత్రము దూరమునుండియే చూడవలెను.

విద్యార్థులారా! ఏబదియేండ్లు దాటిన వైద్యుడు పరదేశపు ఒడ్డున నిలిచి, జాలరుల నడిగి నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు. పదియేండ్ల వయస్సున మనమేల సిగ్గుపడవలెను? తల్లిదండ్రులారా! సముద్రయాత్రకు మీ బిడ్డను పంపుటకు ఉపాధ్యాయుడు అనుమతి గోరినప్పుడు, ఆ దినము చదువు పోయినదని తలపకుడు. ఆ దినమున మీ బిడ్డ చదువునకు కన్నులు వచ్చును.