మెస్మరిజం డాక్టరు ఎస్డేల్ దొర

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసి పంపమని కార్యదర్శిగారు ఆదేశించారు. దేశనాయకుల గురించి రాసేవారు చాలామంది ఉంటారు కనుక నేను డాక్టర్ జేమ్స్ ఎస్డేల్‌ను ఎంచుకున్నాను. ఆయన చేసిన ఆపరేషన్లలో ఎక్కువ భాగం వరిబీజాలు, బోదవ్యాధి కణుతులు. ఆ జబ్బుల బాధ మన కోనసీమవారికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఎస్డేల్ 1808లో స్కాట్లండులోని మాంట్రోజ్‌లో జన్మించారు. ఎడింబరోలో వైద్యం చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంగాలు వచ్చారు. హుగ్లీలో ఆసుపత్రి, జైలు వైద్యం ఆయన చేతిలో ఉండేవి. అప్పటికి మత్తుమందు లేదు. రోగిని నలుగురు అదిమి పట్టుకుంటే డాక్టరు కోసేవాడు. ఆ భయంతోనే జనం ఏళ్ల తరబడి జబ్బును మోసేవారు.

1845 ఏప్రిల్ 4న వరిబీజం నొప్పితో విలవిలలాడుతున్న ఒక ఖైదీపై ఆయన మెస్మరిజం ప్రయత్నించారు. అంతకుముందు దాన్ని ఎవరైనా చేయగా చూసింది లేదు, చదివారంతే. ఖైదీ నిద్రలోకి జారుకున్నాడు. సూది గుచ్చినా ఉలకలేదు. ఆ తరువాత ఏడాది తిరగకుండానే నొప్పి తెలియని ఆపరేషన్లు డెబ్బై దాటాయి.

పద్ధతి ఇది. చీకటి గదిలో రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. తలవైపు కూర్చుని, ముఖం నుంచి పొట్ట దాకా తాకీతాకనట్టు చేతులు దింపుతూ ఉండాలి. గంటల పని, కొందరికి రోజుల పని. దొరగారు త్వరలోనే అలసిపోయి, ఆ పని ఆసుపత్రిలోని కాంపౌండర్లకు, డ్రెస్సర్లకు నేర్పారు. ఆ హిందూ, ముస్లిం కుర్రవాళ్లు నిద్రపుచ్చేవారు, దొరగారు వచ్చి కోసేవారు. పేరు మాత్రం దొరగారిదే. ముప్పై ఏళ్లు ఫైళ్లకు నోట్ రాసిన నాకు ఇందులో వింతేమీ కనబడలేదు. అయితే వారి పని సంగతి ఆయన దాచలేదు, 1846లో వేసిన పుస్తకంలో రాశారు.

ప్రభుత్వం కమిటీ వేసి, ఆ నవంబరులో కలకత్తాలో ఏడాది పాటు ఆసుపత్రి ఇచ్చింది. తరువాత చందాలతో కొంతకాలం నడిచింది. ఇంతలో ఈథరు, 1847లో క్లోరోఫారం వచ్చాయి. నిమిషాల్లో మత్తు ఇచ్చే మందు ఉండగా గంటల తరబడి చేతులు ఊపేదెవరు?

చేతుల నుంచి ఏదో శక్తి ప్రవహిస్తుందని ఎస్డేల్ నమ్మారు. అది పొరపాటు. మాంచెస్టరు డాక్టరు బ్రెయిడ్ 1843లోనే ఆ శక్తిని కాదని, గ్రీకులు నిద్రకు పెట్టుకున్న మాటతో హిప్నాటిజం అనే పేరు స్థిరపరిచారు. మనసు ఒకచోట నిలిచినప్పుడు చెప్పిన మాట బలంగా పట్టుకుంటుంది, అంతే. అందరికీ ఒకేలా పట్టదు. మన పల్లెల్లో అనుకునే వశీకరణం, చేతబడి ఇందులో ఏమీ లేవు.

ఎస్డేల్ 1851లో మన దేశం విడిచి వెళ్లి, 1859లో యాభై ఏళ్లకే మరణించారు.

నా చిన్నతనంలో మా కపిలేశ్వరపురం దగ్గరి ఊళ్లో మా నాన్నగారికి వరిబీజం ఆపరేషన్ అయింది. నడుముకు సూదిమందు ఇచ్చారు. తలవైపు నిలబడ్డ కాంపౌండరుగారు నుదుటిపై చెయ్యి వేసి, కొబ్బరి దింపు ఎప్పుడు, కాయ ధర ఎంత పలికింది అని అడుగుతూనే ఉన్నారట. తనకు నొప్పి తెలియకపోవడం సగం మందు వల్ల, సగం కాంపౌండరుగారి కబుర్ల వల్ల అని నాన్నగారు చివరిదాకా అంటుండేవారు.