జాన్ కాబ్ జీవితము

నేలమీద గంటకు నాలుగువందల మైళ్ల వేగమును మొట్టమొదట అందుకొనిన సాహసి జాన్ కాబ్. ఆయన 1899 డిసెంబరు 2వ తేదీన ఇంగ్లండునందలి ఈషర్ పట్టణమున జన్మించెను. వృత్తి బొచ్చుతోళ్ల వ్యాపారము. భారీ విగ్రహము, మితభాషి. చూచినవారికి పందెపురాయుడని తోచెడివాడు కాడు. అయినను బ్రూక్లాండ్సు పందెపుబాటను 1935లో గంటకు 143.44 మైళ్ల వేగముతో ఆయన చుట్టివచ్చిన రికార్డును, 1939లో ఆ బాట మూతపడువరకు ఎవ్వరును దాటలేకపోయిరి.

అంతటితో ఆయనకు తృప్తి కలుగలేదు. ప్రపంచ రికార్డునకు మిక్కిలి శక్తి కావలెను. రెండు ఇంజన్లను కూర్చుట ఒక మార్గము. కాని జోడెడ్లలో ఒకటి ముందుకు లాగి రెండవది వెనుకబడినచో కాడి వంకరపోవుట మన రైతులెరిగినదే. రెండింటి శక్తిని ఒకే ఇరుసునకు బిగించినచో ఆ బరువంతయు రెండు చక్రములపైననే పడి, అవి పట్టు తప్పి జారు ప్రమాదము కలదు. రీడ్ రైల్టన్ అను ఇంజనీరు ఈ చిక్కును విడదీసెను. పండ్రెండేసి సిలిండర్లుగల రెండు నేపియర్ లయన్ విమానపు ఇంజన్లను చట్రమున ఏటవాలుగా నిలిపి, ఒకదానికి ముందుచక్రములను, రెండవదానికి వెనుకచక్రములను అప్పగించెను. ఒక్కొక్కదాని బలము సుమారు 1,250 అశ్వశక్తి. రేడియేటరు గాలి కడ్డుపడునని దానిని మాని, మంచుగడ్డల తొట్టి నమర్చిరి. పైతొడుగంతయు ఒక్కటే మూకుడువలె ఎత్తి తీయదగినది. నడుపువాడు ముందుచక్రములకంటెను ముందుగా, ముక్కున కూర్చుండవలెను! తలచుకొన్ననే గుండె ఝల్లుమనును.

1938 సెప్టెంబరు 15న అమెరికాలోని బొన్నెవిల్ ఉప్పుమైదానమున కాబ్ 350.20 మైళ్ల వేగముతో రికార్డు స్థాపించెను. మరునాడే జార్జి ఐస్టన్, తన రెండు ఇంజన్ల థండర్‌బోల్టుపై 357.50 మైళ్లతో దానిని మించెను. ఒక్కనాటి కీర్తి! వేరొకరైనచో క్రుంగిపోయెడివారు. కాబ్ మరుసటి యేడు ఆగస్టు 23న మరల వచ్చి, 369.70 మైళ్లతో తన స్థానమును తిరిగి పొందెను.

ఇంతలో యుద్ధము వచ్చెను. ఆ కాలమున ఆయన విమానములను ఒకచోటినుండి మరియొకచోటికి చేరవేయు సేవ చేసెను. 1947 సెప్టెంబరు 16న, నలువది యేడు నిండిన ఆయన పాతకారుపైననే రాకపోకల సరాసరి 394 మైళ్లు సాధించెను. అందొక పరుగున వేగము 403 మైళ్లు. చక్రములను ఇంజను త్రిప్పు కార్లలో ఆ రికార్డు 1964 వరకు నిలిచెను.

పిమ్మట ఆయన దృష్టి నీటిపైకి మరలెను. 1952 సెప్టెంబరు 29న స్కాట్లండులోని నెస్ సరస్సునందు, క్రూసేడర్ అను జెట్ పడవ 200 మైళ్లు దాటిన వేగమున అలలపై ఛిన్నాభిన్నమై, కాబ్ మరణించెను. సరస్సు ఒడ్డున గ్లెన్ అర్కర్ట్ ప్రజలు ఆయనకు స్మారకము నిర్మించిరి. ఆ రెండు ఇంజన్ల కారు బర్మింగ్‌హామ్ నగర ప్రదర్శనశాలకు చేరినది.