అడిగి నేర్చుకున్న ఆచార్యుడు – నటరాజ రామకృష్ణ



భద్రాచలం నుంచి మణుగూరు, ఏటూరునాగారం మీదుగా అడవి దాటి ములుగు వైపు వెళితే పాలంపేట దగ్గర రామప్ప గుడి ఉంది. మనలో చాలామంది ఎక్స్‌కర్షన్‌కి వెళ్లి చూసినవాళ్లమే. నీళ్లలో తేలే ఇటుకల గురించి గైడు చెబుతాడు, వింటాం. నంది దగ్గర గ్రూపు ఫొటో దిగుతాం. చెరువు గట్టెక్కి చూసి బస్సెక్కేస్తాం. గుడి స్తంభాల మీద, దూలాల మీద వరసలు వరసలుగా చెక్కిన నర్తకుల బొమ్మలను మాత్రం ఎక్కువసేపు చూడం. మద్దెల వాయించేవాడొకడు, కాలు ఎత్తినవాడొకడు, నడుము వంచి నిలబడిన ఆడమనిషి ఒకామె. ఏడెనిమిది వందల ఏళ్లుగా వాళ్లు అలాగే ఉన్నారు.

ఎత్తిన ఆ కాలు తరువాత ఎక్కడ పడుతుంది? ఈ ప్రశ్న వేసుకుని, జవాబు కోసం ఏళ్ల తరబడి వెతికిన మనిషి ఆచార్య నటరాజ రామకృష్ణ. ఆయన గొప్ప నర్తకుడని, ఎందరికో గురువని అందరూ రాస్తారు. నేను చెప్పాలనుకున్నది మరొకటి ఉంది. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నదే నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించింది.

జననం – బాల్యం

రామకృష్ణ గారు 1923 మార్చి 21న పుట్టారు. పుట్టింది మన దేశంలో కాదు, ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో. వాళ్లది తూర్పుగోదావరి ప్రాంతం నుంచి అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబం. తండ్రి రామమోహనరావు, తల్లి దమయంతీదేవి. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. తరువాత మద్రాసులో పెరిగారు.

కలిగిన కుటుంబం. అలాంటి ఇంటి పిల్లవాడు చదువుకుని ఉద్యోగం చేయాలి, లేదా ఆస్తి చూసుకోవాలి. ఈయన మాత్రం నాట్యం నేర్చుకుంటానన్నారు. ఇంట్లో వాళ్లకు అది నచ్చలేదు. ఆ రోజుల్లో నాట్యమంటే పెద్ద కుటుంబాలవాళ్లు చూసి ఆనందించేదే కానీ, తమ పిల్లలకు నేర్పించేది కాదు. అందులోనూ మగపిల్లవాడు గజ్జె కట్టడమంటే నవ్వులాట. ఈ రోజు కూడా మన ఊళ్లలో అబ్బాయి డాన్సు నేర్చుకుంటానంటే ఏమంటారో మీకు తెలుసు. ఎనభై ఏళ్ల కిందట ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఆయన ఇంటివాళ్ల ఇష్టానికి లొంగలేదు. తనకు నచ్చిన దారిలోనే నడిచారు.

నలుగురు గురువులు

ఆయన గురువుల పేర్లు చూస్తే మనకు ఒక విషయం అర్థమవుతుంది. భరతనాట్యం పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర నేర్చుకున్నారు. కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవికి నేర్పిన గురువు ఆయనే. కూచిపూడి వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. ఈ ఇద్దరి పేర్లు ఎవరైనా సభలో గర్వంగా చెప్పుకుంటారు.

మిగిలిన ఇద్దరు నాయుడుపేట రాజమ్మ, పెండేల సత్యభామ. వీరు కళావంతుల కులంలో పుట్టిన స్త్రీలు. గుళ్లలో, రాజుల కొలువుల్లో, జమీందారుల ఇళ్లలో ఆడిపాడిన వంశాలవాళ్లు. వీరి ఆట చూడటానికి ఎగబడిన పెద్దమనుషులే పగలు వీరి పేరెత్తితే మొహం తిప్పుకునేవారు. రామకృష్ణ గారు ఆ ఇద్దరినీ మిగతా గురువులతో సమానంగా గురువులనే చెప్పుకున్నారు.

పద్దెనిమిదేళ్ల వయసులో ఆయన నాట్యం చూసి మహారాష్ట్రలోని భండారా రాజు నటరాజ అనే బిరుదు ఇచ్చారు. ఆ బిరుదే ఇంటిపేరులా మారిపోయింది. తరువాత హైదరాబాదులో నృత్యనికేతన్ అనే సంస్థ ద్వారా శిష్యులను తయారుచేశారు. నలభైకి పైగా పుస్తకాలు రాశారు. వాటిలో దాక్షిణాత్యుల నాట్యకళా చరిత్ర అన్నది ప్రసిద్ధమైనది.

పేరిణి – రాయి, పుస్తకం, మనిషి

కాకతీయ గణపతిదేవుని దగ్గర జాయప అనే సేనాని ఉండేవాడు. ఏనుగుల సేనకు అధిపతి. ఆయన 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో నృత్తరత్నావళి అనే గ్రంథం రాశాడు. అందులో ఎనిమిది అధ్యాయాలు ఉన్నాయి. మొదటి నాలుగింటిలో భరతుని శాస్త్రం ప్రకారం సాగే మార్గ నృత్యం గురించి, తరువాతి నాలుగింటిలో దేశి నృత్యాల గురించి రాశాడు. దేశి అంటే జనంలో, ప్రాంతాల్లో ఆడేవి. పేరిణి ఆ దేశి భాగంలోనే ఉంది. కర్రలతో ఆడే దండరాసకం, చిందు కూడా ఆ భాగంలోనే ఉన్నాయి. తమ్ముళ్లారా, ఇది గమనించండి. చిందు అన్న మాట వినగానే తక్కువ చూపు చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏడువందల డెబ్బై ఏళ్ల కిందటి సేనాని దానిని శాస్త్ర గ్రంథంలో చేర్చాడు.

రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. కాకతీయ రాజ్యం 1323లో పడిపోయింది. ఆ తరువాత పేరిణి ఆడేవాళ్లు, నేర్పేవాళ్లు క్రమంగా లేకుండాపోయారు. మిగిలింది పుస్తకంలో వర్ణన, రాతిమీద భంగిమ.

ఈ రెండింటి నుంచి నాట్యం ఎలా వస్తుంది? రాతి బొమ్మ ఒక క్షణం మాత్రమే చూపిస్తుంది. బస్సు ఫొటో చూసి అది ఎటు వెళ్తోందో, ఎంత వేగంతో వెళ్తోందో చెప్పలేం కదా. పుస్తకం చూస్తే పేరిణికి ఐదు అంగాలు చెబుతుంది. గజ్జెల పనితనం చూపే ఘర్ఘరం, కష్టమైన విన్యాసాల విషమం, నవ్వు పుట్టించే అనుకరణల భావాశ్రయం, నాయకుని పొగిడే కవిచారకం, చివరకు గీతం. పేర్లున్నాయి, లక్షణాలున్నాయి, కానీ అడుగు వేసి చూపించే గురువు లేడు.

రామకృష్ణ గారు పుస్తకాన్నీ శిల్పాన్నీ పక్కపక్కన పెట్టి చదివారు. ఒక భంగిమకూ ఇంకొక భంగిమకూ మధ్య ఉండే కదలికను తాను నేర్చిన నాట్యాల అనుభవంతో, మద్దెల తాళంతో నింపారు. కాబట్టి ఈ రోజు మనం చూసే పేరిణి అచ్చంగా కాకతీయుల నాటిదే అనడం సరికాదు. అది పాత ఆధారాల మీద ఆయన తిరిగి కట్టిన నాట్యం. ఇలా చెప్పడం వల్ల ఆయన గొప్పతనం తగ్గదు, పెరుగుతుంది. పునాది మాత్రమే మిగిలినచోట ఇల్లు కట్టడం ఎంత కష్టమో మేస్త్రీ పని చేసేవాళ్ల పిల్లలమైన మనకు ఒకరు చెప్పాలా?

1985 మహాశివరాత్రికి రామప్ప గుడి ముందే పెద్ద బృందంతో పేరిణి ప్రదర్శన జరిగింది. అందరూ మగ నర్తకులే. మగవాడు ఆడితే నవ్వే సమాజం వేల సంఖ్యలో కూర్చుని ఆ ఆట చూసింది.

మూసిన గడపల దగ్గరికి

పేరిణికి రాళ్లే సాక్ష్యం. ఇంకొక నాట్యానికి బతికి ఉన్న మనుషులే సాక్ష్యం, కానీ వాళ్లను అడిగేవాళ్లు లేరు.

1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిరోధక చట్టం తెచ్చింది. మన భద్రాచలం అప్పుడు తూర్పుగోదావరి జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. ఆ చట్టం అవసరమైనదే, అందులో సందేహం లేదు. దేవుని పేరుతో ఆడపిల్ల జీవితాన్ని బలి చేసే ఆచారాన్ని ఎవరూ సమర్థించకూడదు. తెలంగాణ పల్లెల్లో దళిత ఆడపిల్లలను జోగినులుగా మార్చిన దురాచారం మీద 1988లో మరో చట్టం రావలసి వచ్చిందంటే ఆ గాయం ఎంత లోతైనదో తెలుస్తుంది.

అయితే ఆచారం మీద ఉండవలసిన అసహ్యాన్ని సమాజం ఆ స్త్రీల మీద చూపించింది. గుళ్లో ఆట ఆగింది, మాన్యాలు పోయాయి. కళావంతుల స్త్రీలు గజ్జెలు మూటగట్టి అటకమీద పెట్టారు. బిడ్డలకు పెళ్లి కావాలి, పరువు కావాలి అంటే ఆట తెలుసన్న సంగతి దాచుకోవాలి. అదే ఆట పేరు మార్చుకుని పట్నాల్లో పెద్దింటి పిల్లల అరంగేట్రమయ్యింది. కళకు గౌరవం వచ్చింది, దాన్ని కాపాడినవాళ్లకు రాలేదు.

రామకృష్ణ గారు ఆ తలుపులు తట్టారు. గోదావరి జిల్లాల ఊళ్లలో వృద్ధులైపోయిన కళావంతుల దగ్గర కూర్చుని వాళ్లకు గుర్తున్నది నేర్చుకున్నారు. వాళ్లను సదస్సులకు పిలిచి, పండితుల ముందు గురువుల స్థానంలో కూర్చోబెట్టారు. గుడిలో చేసే ఆగమ నర్తనం, కొలువులో చేసే ఆస్థాన నర్తనం, జనం ముందు ఆడే నాట్యమేళం అనే మూడు పాయలను కలిపి 1970 ప్రాంతంలో ఆంధ్రనాట్యం అనే పేరు స్థిరపరిచారు. అంతకుముందు దానికి ఉన్న పేర్లలో కొన్ని తిట్టుతో సమానం. గౌరవంగా చెప్పుకునే పేరు ఇవ్వడం కూడా ఒక సంస్కరణే. ఆ తరం కళాకారిణుల్లో బల్లిపాడు సరిదె మాణిక్యమ్మ, ముమ్మిడివరం అన్నాబత్తుల బులివెంకటరత్నమ్మ పేర్లు ఈనాటికీ నాట్యం చదువుకునేవాళ్లు తలచుకుంటారు.

పిఠాపురంలో కుంతీమాధవస్వామి గుడి ముందు పెండేల వంశపు స్త్రీలు తొమ్మిది రాత్రులు ఆడే నవజనార్దన పారిజాతం కూడా అలా మరుగున పడిందే. దాన్నీ రామకృష్ణ గారు తిరిగి వేదిక ఎక్కించారు. ఆయన శిష్యుడు కళాకృష్ణ అందులో సత్యభామ పాత్రతో పేరు తెచ్చుకున్నారు.

మన వైపు నుంచి ఒక ప్రశ్న

ఇక్కడ మన ప్రాంతంవాళ్లకు ఒక సందేహం రావచ్చు. మేడారం జాతరకు వెళ్లే మనం సమ్మక్క సారలమ్మల కథ విని పెరిగాం. ఆ కథలో కోయదొరల మీదికి వచ్చింది కాకతీయుల సైన్యమే. యుద్ధానికి వెళ్లే వీరులు ఆడేదని చెప్పుకునే పేరిణిని మనం ఎందుకు మనదనుకోవాలి?

ఈ ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు ఇది. గుడి కట్టించిన దొర పేరు శాసనంలో ఉంది. గ్రంథం రాసిన సేనాని పేరు గ్రంథంలో ఉంది. ఆడిన మనిషి పేరు, మద్దెల వాయించిన మనిషి పేరు, ఉలి పట్టి ఆ బొమ్మను చెక్కిన మనిషి పేరు మనలో ఎవరికీ తెలియదు. రాజుల వైభవం రాజులతోనే పోయింది. ఆ పేరులేని మనుషుల చెమట మాత్రం నాట్యంగా మిగిలింది. ఆ చెమటతో మనకు చుట్టరికం ఉంది.

చివరి రోజులు

భారత ప్రభుత్వం 1992లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2011 జూన్ 7న హైదరాబాదులో, 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ తరువాత తెలంగాణ రాష్ట్రం వచ్చింది. ప్రభుత్వ వేడుకల్లో పేరిణికి చోటు దొరికింది. 2021లో రామప్ప గుడిని యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ రోజు చూడటానికి ఆయన లేరు.

మనం చేయవలసింది

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. మీలో చాలామంది కూడా రేపు అలాగే మొదటివాళ్లు కాబోతున్నారు. చదువుకున్నవాడు ఇంటికి వెళ్తే అందరికీ చెప్పేవాడవుతాడు. కాగితాలు చదివి పెడతాడు, ఫారాలు నింపి పెడతాడు. అమ్మానాన్నలకు చెప్పడం మనకు త్వరగా అలవాటవుతుంది. వాళ్లను అడగడం మాత్రం మరిచిపోతాం.

మన చుట్టూ కొమ్ము కోయల ఆట ఉంది, డప్పు దరువులున్నాయి, చిందు భాగవతముంది, లంబాడి పాటలున్నాయి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు బడి చదువు లేకుండానే సమ్మక్క సారలమ్మల చరిత్రను, కోయ వీరుల గాథలను నోటికి చెప్పేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయనా వెళ్లిపోయారు. ఆయనతోపాటు ఎన్ని పాటలు వెళ్లిపోయాయో లెక్కించగలవాళ్లు లేరు.

పేరిణి అదృష్టం ఏమిటంటే దానికి రాయి, గ్రంథం తోడున్నాయి. అందుకే ఆరువందల ఏళ్ల తరువాత వచ్చిన మనిషికి కూడా ఆధారం దొరికింది. మన ముసలివాళ్ల పాటలు ఏ గుడి మీదా చెక్కి లేవు. వాళ్లు పోతే వెతకడానికి వచ్చేవాడికి ఏమీ దొరకదు. మీరు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. తాతను ఏ దరువు ఎప్పుడు కొడతారో అడగండి. అమ్మమ్మను నాట్లప్పుడు ఏ పాట పాడేవారో అడగండి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తప్పకుండా రాయండి. పేరు రాయకపోతే వాళ్లు కూడా రామప్ప బొమ్మల్లా పేరులేని వాళ్లవుతారు.

రాజాస్థానంలో బిరుదు పొందిన మనిషి, ఊరు వెలివేసినట్టు చూసిన ఇళ్ల ముందు చేతులు కట్టుకుని విద్య అడిగారు. అడిగినందుకే ఆచార్యులయ్యారు. ఆయన జీవితం నుంచి మనం తీసుకోవలసినది ఇదే.