కాటన్ దొర కోరుకున్న పడవదారి

దుమ్ముగూడెం సంఘానికి వాక్యం చెప్పడానికి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒక యువకుడు నన్ను అదే ప్రశ్న అడుగుతుంటాడు. అయ్యగారూ, గోదావరికి అడ్డంగా ఉన్న ఈ పాత రాతికట్టను తెల్లదొరలు ఎవరి పొలాల కోసం కట్టారు? దాని పక్కన లాకులు ఎందుకున్నాయి? అప్పట్లో ఇది పొలాల కోసం కట్టింది కాదు బాబూ, పడవల కోసం కట్టింది అంటే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. ఇప్పుడు మన వైపు పడవ అంటే పాపికొండల విహారమే గుర్తుకొస్తుంది. కానీ ఈ కట్ట వెనుక ఒక దైవభక్తుని జీవితకాలపు కోరిక ఉంది. ఆయనే సర్ ఆర్థర్ కాటన్.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరగా ఆయన ప్రతి తెలుగువాడికీ తెలుసు. గుర్రం మీద కూర్చున్న ఆయన విగ్రహాలు కోస్తా జిల్లాల్లో ఊరూరా కనిపిస్తాయి. ఏటా మే 15న రైతులు వాటికి దండలు వేస్తారు. గోదావరి స్నానాల సంకల్పంలో ఆయన పేరు కూడా చెప్పి నీళ్లు వదిలే పురోహితులున్నారు. సృష్టికర్తకు మాత్రమే మహిమ చెల్లాలని నమ్మిన ఆ మనిషి ఇది చూస్తే ఎంత ఇబ్బంది పడేవాడో! అయితే ఈ కృతజ్ఞత నిజమైనది, దాన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. జనం మరిచిపోయిన రెండో కాటన్ గురించి చెప్పాలని నా ఆశ. ఆయన మనసు నీళ్లతో పాటు, ఆ నీళ్ల మీద నడిచే పడవల మీద కూడా ఉండేది.

కాటన్ 1803 మే 15న ఇంగ్లాండులో పుట్టాడు. హెన్రీ కాల్వెలీ కాటన్ గారి పదవ కుమారుడు. యెష్షయి ఇంట ఎనిమిదవవాడైన దావీదును మొదట ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పదవవాడి సంగతి ఇక చెప్పేదేముంది? పదిహేనేళ్లకే ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరి, 1821లో మద్రాసు ఇంజనీర్ల దళంలో పని చేయడానికి ఓడ దిగాడు.

ఉద్యోగంలో తొలినాళ్లలో ఆయనకు దొరికిన పనుల్లో ఒకటి పాంబన్ జలసంధి సర్వే. రామేశ్వరం దీవికీ మన నేలకూ మధ్య ఉన్న ఇరుకు నీళ్లవి. అక్కడ రాతిగట్టు నీటి కింద దాగి ఉంటుంది. ఇసుక దిబ్బలు ఒకచోట నిలవవు. గట్టుకు ఒక వైపు పాక్ సముద్రం, మరొక వైపు మన్నారు సింధుశాఖ. ఆటుపోట్లకూ, రుతుపవనాల గాలికీ ఆ నీరు ఒకసారి ఇటు, ఒకసారి అటు పరుగెత్తుతుంది. పెద్ద ఓడలు అక్కడికి రాలేక సింహళం మొత్తం చుట్టి వెళ్లేవి. స్థానిక జాలరుల చిన్న తెరచాప పడవలు మాత్రం పోటు చూసుకుని సందుల్లోంచి జారుకునేవి. అలాంటి చోట లోతు కొలవాలంటే ఎవరైనా చిన్న పడవే ఎక్కాలి. తాడుకు సీసపు గుండు కట్టి నీటిలోకి వదలాలి. నీరు ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు తీస్తుందో అక్కడి సరంగును అడిగి తెలుసుకోవాలి. ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రవాడికి అది మంచి బడి. నీరు మనిషికి అడ్డు కాదని, దాని గుణం తెలిస్తే అదే బాట అని ఆయన జీవితమంతా వాదించాడు. ఆ పాఠం పాంబన్‌లోనే మొదలైందని నా నమ్మకం.

ఆ తరువాత మొదటి బర్మా యుద్ధంలో సైనికుడిగా పని చేశాడు. దాని గురించి ఇక్కడ విస్తరించను. యౌవనంలోనే ఆయన రక్షణానుభవం పొందాడు. అప్పటినుంచి బైబిలు, ప్రార్థన ఆయన దినచర్యలో భాగమయ్యాయి. ఆయన కుమార్తె లేడీ హోప్ 1900లో తండ్రి జీవితచరిత్ర ప్రచురించింది. కూతురు రాసింది గనుక అందులో పొగడ్త కొంచెం ఎక్కువేనని చదివేవారు గుర్తుంచుకోవాలి. అయితే ఆయన విశ్వాసానికి సాక్ష్యం ఆ పుస్తకం ఒక్కటే కాదు. 1833లో ఆయన బాగ్దాదులో ఉన్న మిషనరీ ఆంథోనీ నారిస్ గ్రోవ్స్‌ను వెంటబెట్టుకుని మన దేశానికి తీసుకొచ్చాడు. గ్రోవ్స్ ఇక్కడి అవసరత చూసి ఇంగ్లాండు వెళ్లి సువార్తికులను పిలిచాడు. ఆ పిలుపు విని 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ తమ భార్యలతో మచిలీపట్నంలో దిగారు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల గోదావరి డెల్టా మిషన్ అలా పుట్టింది. అప్పటికి ధవళేశ్వరంలో ఒక్క రాయి కూడా పడలేదు. గోదావరి మీద ఆయన నాటిన మొదటి విత్తనం ఆనకట్ట కాదు.

తంజావూరులో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టి పేరు తెచ్చుకున్న కాటన్ గోదావరి జిల్లాకు వచ్చేసరికి ఆ జిల్లా చితికిపోయి ఉంది. 1833 నాటి నందన కరువు, 1839లో కోరంగి తీరాన్ని ముంచిన తుపాను జనాన్ని కోలుకోనివ్వలేదు. ఏటా వరద నీరు కళ్లముందే సముద్రంలో కలిసిపోయేది. వేసవిలో పోటు మీద ఉప్పునీరు పాయల్లోకి ఎక్కి వచ్చేది. ఆయన 1844లో నివేదిక రాశాడు. 1847లో పని మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, నది మధ్యనున్న లంకలను ఆసరా చేసుకుని కట్టిన కట్ట అది. రాతిని కొండ నుంచి పట్టాల మీద బండ్లలో తెచ్చి, అక్కడినుంచి పడవల్లో లంకలకు చేరవేశారు. మధ్యలో ఆయన జబ్బుపడి సెలవు మీద వెళ్తే కెప్టెన్ ఆర్ పని నడిపించాడు. కూలీలను సమకూర్చి వారితో పని చేయించిన వీణెం వీరన్న గారిని కూడా ఇక్కడ తలచుకోవాలి. ఆ కూలీల మధ్యకే బౌడెన్ వచ్చి సువార్త చెప్పాడు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కాటన్ పాదిరి కాదు, కంపెనీ ఉద్యోగి. ఆనకట్ట కడితే శిస్తు పెరుగుతుందని లెక్కలు చూపించే ఆయన అనుమతి తెచ్చుకున్నాడు. పై అధికారులతో మాట్లాడేటప్పుడు ఆయనది మెత్తని నాలుక కాదు. వారు కరువులో చనిపోయినవారిని లెక్కించడం మాని కాగితాల మీద ఖర్చులు లెక్కిస్తున్నారని ఆయనకు కోపం. పేదవాని తరఫున వచ్చిన కోపం గనుక నేను తప్పుపట్టలేను గాని, అది ఆయనకు చాలామంది శత్రువులను సంపాదించిపెట్టింది.

కాలువలు తవ్వేటప్పుడు ఆయన ఒక పట్టు పట్టాడు. కాలువలో నీరు పారితే చాలదు, పడవ కూడా నడవాలి. అందుకే కోనసీమలో ఈనాటికీ లాకులున్నాయి. మెట్టు మెట్టుగా దిగే కాలువలో పడవను ఒక గదిలోకి పంపి, తలుపు మూసి, నీటిమట్టం పెంచి లేదా తగ్గించి అవతలి మెట్టుకు చేర్చే ఏర్పాటు అది. అంతకుముందు లంకల్లోని రైతుకు తాటిదోనెలే దిక్కు. రెండు దోనెలను జతకట్టి సంగడి చేసుకుని పాయలు దాటేవాడు. పోటు మీద లోపలికి, పాటు మీద బయటికి వెళ్లేవాడు. కాలువలు వచ్చాక వడ్లు, కొబ్బరి, ఉప్పు ఎత్తుకున్న పెద్ద పడవలు కాకినాడ వరకు వెళ్లగలిగాయి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగడం. ఎద్దుబండి మోయలేనంత బరువు ఇద్దరు ముగ్గురు మనుషులతో సాగిపోయేది. రైలు కంటే పడవే పేదవానికి చవక అని కాటన్ రాసిన పుస్తకాల్లో కనిపిస్తుంది.

ఇక మన సీమ సంగతి. రాజమండ్రి నుంచి పాపికొండల ఇరుకు దాటి, శబరి కలిసే కూనవరం మీదుగా భద్రాచలం, అక్కడినుంచి ప్రాణహిత మీదుగా నాగపూరు వైపు పత్తి పండే నేలల దాకా పడవలు నడవాలని కాటన్ ఆశించాడు. సముద్రం నుంచి దక్కను నడిబొడ్డుకు నీటి బాట! దారిలో మూడుచోట్ల రాతి అడ్డంకులున్నాయి. మొదటిది దుమ్ముగూడెం వద్ద, రెండోది ఇంద్రావతి సంగమానికి దగ్గర ఇచ్చంపల్లి వద్ద, మూడోది ఇంకా పైన. ఆ పనికి ఆయన శిష్యుడు హేగ్‌ను పంపారు. పి.గన్నవరం వద్ద వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన పాత అక్విడెక్టు కట్టించింది ఈ హేగ్ దొరే. ఆయన కూడా ప్రార్థనాపరుడు.

దుమ్ముగూడెంలో కట్ట లేచింది, పక్క కాలువకు లాకులు పడ్డాయి. అయితే మన్యం జ్వరం మనుషులను పడగొట్టింది. వానాకాలంలో నిండుగా పారే గోదావరి ఎండలు ముదిరేసరికి రాళ్ల మధ్య సన్నని పాయ అయిపోయింది. ఈలోగా బొంబాయి నుంచి రైలు 1867లో నాగపూరు చేరింది. పత్తికి మరో దారి దొరికింది. లక్షల రూపాయలు ఖర్చయ్యాక 1871లో ప్రభుత్వం పని ఆపేసింది. పై రెండు అడ్డంకులు అలాగే మిగిలిపోయాయి. కాటన్ లెక్క తప్పిందని నేననుకుంటున్నాను. డెల్టాలో నిజమైనది మన్యంలో కూడా నిజమవుతుందని ఆయన నమ్మాడు. ఏడాదిలో సగం కాలం ఈ నది పెద్ద పడవను మోయదని ఇక్కడి పడవవాణ్ణి అడిగితే చెప్పేవాడు.

1878లో లండన్ పార్లమెంటు సంఘం ముందు ఆయన సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. అప్పటికి డెబ్బై అయిదేళ్లు. కాలువలు వృథా, రైళ్లే మేలు అనేవారి మధ్య ఆ ముసలాయన నిలబడి తన వాదన వినిపించాడు. ఆయన మాట నెగ్గలేదు. నేను చాలా ఏళ్లు కాటన్ గురించి ప్రసంగాల్లో చెబుతూ ధవళేశ్వరంతో ముగించేవాణ్ణి. దుమ్ముగూడెం సంగతి చెప్పకుండా వదిలేసేవాణ్ణి. గెలిచిన భక్తుని కథ చెప్పడం సులువు. ఈ మన్యంలో ఇరవై ఏళ్లు సేవ చేసి ఫలం కనబడక కుమిలిపోయే ఒక కాపరి ఎదుట కూర్చున్నప్పుడు మాత్రం ఆ సగం కథ నోటికి రాలేదు.

ఎందుకంటే ఆ ఆగిపోయిన పనిలోనే మరొకటి జరిగింది. పడవదారి కోసం దుమ్ముగూడెం వచ్చిన హేగ్ కోయ సహోదరులను చూశాడు. వారికి సువార్త చెప్పేవారు లేరని ప్రార్థించాడు. 1860లో కోయ మిషన్ మొదలైంది. హేగ్ దగ్గర ఉద్యోగం చేస్తున్న ఐ. వెంకటరామరాజు క్రీస్తును అంగీకరించి, ఉద్యోగం వదిలి, కోయల మధ్యనే జీవితాన్ని గడిపి పాదిరి అయ్యాడు. తరువాత జాన్ కెయిన్ వచ్చాడు. పదవీ విరమణ చేసిన జనరల్ హేగ్ స్వయంగా దుమ్ముగూడెం తిరిగివచ్చి కొంతకాలం సేవ చేశాడు, ఈసారి ఇంజనీరుగా కాదు.

కాటన్ ముసలితనంలో ఇంగ్లాండులోని డార్కింగ్‌లో తన తోటలో గోధుమ పండిస్తూ, నేలను లోతుగా తవ్వితే పంట పెరుగుతుందా అని ప్రయోగాలు చేస్తూ గడిపాడు. 1899 జూలై 24న తొంభై ఆరేళ్ల వయసులో ప్రభువునందు నిద్రించాడు. దుమ్ముగూడెం లాకుల్లో ఆయన ఆశించిన పత్తి పడవల బారులు ఆనాటికీ లేవు, తరువాతా రాలేదు. కోయ భాషలో తొలిగా అచ్చయిన లేఖన భాగాల్లో లూకా సువార్త ఒకటి. దాని అయిదవ అధ్యాయంలో రాత్రంతా వలలు వేసి ఏమీ దొరకని జాలరి ఒడ్డున వలలు కడుక్కుంటుంటే, ప్రభువు అతని పడవ ఎక్కి కూర్చుంటాడు.