శబ్దాన్వేషి గ్రాహంబెల్

తిరుపతి నుండి శ్రీకాళహస్తికి వెళ్ళే దారిలో ఏర్పేడు ఉంది. ఒకనాడు చిన్న ఊరైన దాని పరిసరాలలో నేడు ఐ.ఐ.టి., ఐసర్ వంటి జాతీయ విద్యాసంస్థలు వెలిశాయి. అటువంటి సంస్థలోని సమావేశ మందిరంలో ఆచార్యుడు మెల్లగా మాట్లాడినా, మైకు ఆ మాటను చివరి వరుసలోని విద్యార్థికి చేరుస్తుంది. అదే ప్రాంతంలో, తిరుమల కొండ పాదాన అలిపిరి వద్ద, భక్తులు లోహాన్ని పసిగట్టే ద్వారం గుండా నడిచి వెళతారు. జేబులో తాళపుచెవుల గుత్తి ఉన్నా ఆ ద్వారం కూత పెడుతుంది. ఒకటి మాటను మోసే సాధనం. మరొకటి లోహాన్ని పట్టే సాధనం. పైకి పొంతన లేనట్లు కనిపించే ఈ రెండింటి తొలినాటి చరిత్రలోనూ ఒకే వ్యక్తి పేరు వినిపిస్తుంది. అతడే అలెగ్జాండర్ గ్రాహంబెల్.

బెల్ 1847 మార్చి 3న స్కాట్లండులోని ఎడింబరోలో జన్మించాడు. తాత, తండ్రి ఇద్దరూ స్పష్టమైన ఉచ్చారణను బోధించడంలో పేరు పొందినవారు. నాలుక, పెదవులు, గొంతు ఏ ధ్వనికి ఏ స్థితిలో ఉంటాయో తెలిపే ఒక లిపిని తండ్రి రూపొందించాడు. తల్లి ఎలీజాకు వినికిడి శక్తి తగ్గిపోయింది. ఇతరులు ఆమెతో బిగ్గరగా మాట్లాడేవారు. బాలుడైన బెల్ మాత్రం ఆమె నుదుటి దగ్గరకు పెదవులు చేర్చి, మంద్రస్వరంతో మాట్లాడేవాడు. ధ్వని అంటే కంపనమనీ, చెవి ఒక్కటే దానికి ద్వారం కాదనీ అతడు పసితనంలోనే గ్రహించాడు.

యౌవనంలో ఆ కుటుంబాన్ని విషాదం ఆవరించింది. క్షయవ్యాధి బెల్ సోదరులిద్దరినీ బలిగొన్నది. మిగిలిన ఒక్క కుమారుణ్ణయినా కాపాడుకోవాలన్న తలపుతో తల్లిదండ్రులు 1870లో కెనడాకు వలస వెళ్ళారు. మరుసటి ఏడాది బెల్ అమెరికాలోని బోస్టన్ చేరి, బధిర బాలలకు మాటలు నేర్పే ఉపాధ్యాయుడయ్యాడు. బాల్యంలో జ్వరం వల్ల వినికిడి కోల్పోయిన మేబెల్ హబ్బర్డ్ అతని శిష్యురాలు. 1877లో ఆమె అతని సహధర్మచారిణి అయింది.

పగలు పాఠాలు, రాత్రి ప్రయోగాలు. ఒకే తీగ మీద అనేక టెలిగ్రాఫు వార్తలను ఏకకాలంలో పంపాలన్నది మొదట అతని ఆశయం. 1875 జూన్ 2న సహాయకుడు థామస్ వాట్సన్ ఒక గదిలో కదలక నిలిచిపోయిన ఉక్కురేకును మీటాడు. వేరొక గదిలో ఉన్న బెల్‌కు ఆ రేకు స్వరం తీగ ద్వారా వినిపించింది. టెలిగ్రాఫులో విద్యుత్తు వస్తుంది, ఆగుతుంది, అంతే. మాటను పంపాలంటే, గొంతులోని ఎత్తుపల్లాలను అనుసరించి విద్యుత్తు కూడా అలలా పెరుగుతూ తరుగుతూ ఉండాలి. బెల్ కృషికి మూలసూత్రం ఇదే.

1876 మార్చి 7న అతనికి పేటెంటు లభించింది. మూడు రోజుల తరువాత, ఆమ్లం కలిపిన నీటిలో మునిగే ఒక తీగను పలుచని పొరకు అమర్చి బెల్ మాట్లాడాడు. పొర కంపించినప్పుడల్లా తీగ నీటిలో కదిలి, విద్యుత్ ప్రవాహం హెచ్చుతగ్గులు పొందింది. తనను రమ్మని పిలిచిన బెల్ మాటలను వాట్సన్ మరో గదిలో స్పష్టంగా విని పరుగున వచ్చాడు. మాటను విద్యుత్తుగా మార్చిన ఆ పాత్ర నేటి మైకుకు తొలిరూపాలలో ఒకటి. ఎలీషా గ్రే అనే శాస్త్రజ్ఞుడు కూడా అదే మార్గంలో కృషి చేయడం వల్ల ఈ హక్కుపై ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచాయి. చివరకు 1888లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం బెల్ పక్షాన తీర్పు చెప్పింది. ఈ లోపల ఎడిసన్, హ్యూజ్ వంటివారు బొగ్గుతో పనిచేసే మెరుగైన మైకులను నిర్మించారు. 1882 నాటికి మద్రాసు నగరంలోనూ టెలిఫోను ఎక్స్ఛేంజి వెలిసింది.

బెల్ జీవితంలో అతి కఠినమైన పరీక్ష 1881లో ఎదురైంది. ఆ ఏడు జూలై 2న వాషింగ్టన్ రైల్వేస్టేషనులో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌పై ఒక దుండగుడు కాల్పులు జరిపాడు. ఒక తూటా దేహంలోనే చిక్కుకుపోయింది. అది ఎక్కడ ఉన్నదో వైద్యులకు తెలియలేదు. శుభ్రపరచని వేళ్ళతో, పరికరాలతో గాయాన్ని పలుమార్లు వెదికారు. ఎక్స్ కిరణాలు కనుగొనడానికి ఇంకా పద్నాలుగేళ్ళు ఉన్నాయి. తూటాను కంటితో చూడలేకపోతే చెవితో పట్టవచ్చునని బెల్ తలచాడు.

టెలిఫోను తీగలలో వినిపించే రొదను అణచడానికి అతడు లోగడ రెండు తీగచుట్టలతో ప్రయోగాలు చేశాడు. ఒక చుట్టలో విద్యుత్తును తెంపి తెంపి పంపుతూ, రెండవదాన్ని తగిన స్థానంలో అమర్చితే, దానికి కలిపిన టెలిఫోనులో నిశ్శబ్దం నెలకొంటుంది. దగ్గరకు లోహం వస్తే ఆ సమతౌల్యం చెదిరి, టెలిఫోనులో ధ్వని పుడుతుంది. బెల్ దీనిని రేయింబవళ్ళు మెరుగుపరచాడు. దేహంలో తూటాలు మిగిలిపోయిన మాజీ సైనికులపై పరీక్షించాడు.

జూలై 26న అధ్యక్షునిపై జరిపిన మొదటి పరీక్షలో స్పష్టమైన ఫలితం రాలేదు. ఆగస్టు 1న రెండవసారి వెదికినప్పుడు, ఒక్క చోట కాక విశాలమైన మేర అంతటా సన్నని ధ్వని వినిపించింది. పరుపు కింద ఉక్కుతీగల అల్లిక ఉన్న మరో పరుపు ఉన్నదని మరునాడు అతనికి తెలిసింది. ఆ ఉక్కు ధ్వనిని ఎంత తప్పుదారి పట్టించిందన్నది నేటికీ చర్చనీయాంశమే. ప్రధాన వైద్యుడు బ్లిస్ తూటా కుడివైపే ఉన్నదని దృఢంగా నమ్మడంతో అన్వేషణ ఆ వైపునే సాగింది. సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ కన్నుమూశాడు. శవపరీక్షలో తూటా వెన్నెముకకు ఎడమవైపున, లోతుగా కనిపించింది. తూటా కన్న, గాయంలో చేరిన క్రిములే ఆయన ప్రాణం తీశాయని నేటి వైద్యుల అభిప్రాయం.

ఆ ఆందోళన నడుమనే, ఆగస్టు 15న బెల్ దంపతులకు నెలలు నిండకుండా పుట్టిన కుమారుడు ఊపిరి అందక మరణించాడు. ఆ దుఃఖంలో బెల్ చేతులు కట్టుకొని కూర్చోలేదు. శ్వాసకు తోడ్పడే లోహపు కవచాన్ని రూపొందించాడు. తూటాలను కనుగొనే సాధనాన్ని మరింత సంస్కరించాడు. ఎక్స్ కిరణాలు వచ్చేంతవరకు అది పలువురు క్షతగాత్రులకు ఉపకరించింది.

టెలిఫోను తెచ్చిన కీర్తి కన్న, బధిరుల ఉపాధ్యాయుడనే పేరునే బెల్ ఎక్కువగా ప్రేమించాడు. చూపు, వినికిడి లేని హెలెన్ కెల్లర్‌కు గురువు దొరికే మార్గం చూపినవాడు అతడే. అయితే బధిరులకు సంజ్ఞాభాష కన్న నోటిమాటనే నేర్పాలని అతడు పట్టుపట్టడం వారి భాషకు చేటు చేసిందని నేడు ఎందరో విమర్శిస్తున్నారు. మహనీయుల జీవితాలలోని ఇటువంటి లోపాలను కూడా మనం తెలుసుకోవాలి.

1922 ఆగస్టు 2న కెనడాలోని బడెక్‌లో బెల్ తుదిశ్వాస విడిచాడు. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలో టెలిఫోన్లన్నీ ఒక్క నిమిషం మూగవోయాయి.

మైకు ఆచార్యుని మాటనే కాదు, పంకా రొదను కూడా గ్రహిస్తుంది. లోహశోధకం తూటాకూ మంచపు ఉక్కుకూ ఒకేలా పలుకుతుంది. ఏ ధ్వని దేనికి గుర్తో తేల్చుకోవలసినవాడు మనిషే. గార్ఫీల్డ్ పడక వద్ద లోపించినది యంత్రం ఒక్కటే కాదు. ఎడమవైపు కూడా ఒకసారి వెదికి చూద్దామనే వినయం.