ఎజ్రా కార్నెల్: తంతి తీగలు, పైన్ అడవులు, ఒక విశ్వవిద్యాలయం

1873లో న్యూయార్క్ రాష్ట్ర శాసనసభలో ఒక తీవ్రమైన ఆరోపణ వినిపించింది. విద్య కోసం సమాఖ్య ప్రభుత్వం కేటాయించిన లక్షలాది ఎకరాల భూమిని ఒక మాజీ సెనేటర్ కారుచౌకగా చేజిక్కించుకున్నారని, ఆ లాభంతో తన పేరిట స్మారకం కట్టించుకుంటున్నారని దాని సారాంశం. ఆ మాజీ సెనేటర్ ఎజ్రా కార్నెల్. అప్పటికి ఆయన వయస్సు 66 ఏళ్లు. ఆ భూముల మీద పన్నులు కట్టడానికి సొంత సొమ్మును కరిగిస్తున్న రోజులవి.

కార్నెల్ 1807 జనవరి 11న, నేడు న్యూయార్క్ నగరంలో కలిసిపోయిన వెస్ట్‌చెస్టర్ ల్యాండింగ్‌లో జన్మించారు. క్వేకర్ మతశాఖకు చెందిన కుటుంబం. తండ్రి ఎలైజా కుమ్మరి వృత్తి చేసేవారు. పాఠశాల చదువు ఎజ్రాకు పెద్దగా దక్కలేదు. వడ్రంగం నేర్చుకుని, 1828లో పని వెతుక్కుంటూ కయూగా సరస్సు ఒడ్డున ఉన్న ఇథాకా గ్రామానికి చేరుకున్నారు. అక్కడ ఒక మిల్లులో పనికి కుదిరి, నీటిని మళ్లించడానికి ఫాల్ క్రీక్ లోయలో కొండను తొలిచి సొరంగం తవ్వించారు. 1831లో మేరీ ఆన్ వుడ్‌ను వివాహమాడారు. ఆమె క్వేకర్ కాకపోవడంతో మతసమాజం ఆయనను వెలివేసింది. తప్పు ఒప్పుకుంటే తిరిగి చేర్చుకుంటామన్నా, ఆ పెళ్లిని తప్పుగా అంగీకరించడానికి ఆయన ససేమిరా అన్నారు. ఆ పట్టుదల చివరిదాకా ఆయనను వీడలేదు. మేలు చేసినా, కీడు చేసినా అదే.

ఆర్థిక సంక్షోభం తరువాత మిల్లు పని పోయింది. ఒక కొత్త రకం నాగలి హక్కులు కొని, దాన్ని అమ్ముకోవడానికి ఊరూరా తిరిగారు. ఎంతో దూరం కాలినడకనే వెళ్లేవారు. నాగళ్లు అంతగా అమ్ముడు కాలేదు. అయితే ఆ పని మీదే మెయిన్ రాష్ట్రానికి వెళ్లినప్పుడు, 1843లో, ఎఫ్.ఓ.జె. స్మిత్ అనే వ్యాపారి కార్యాలయంలో ఆయన దశ తిరిగింది. శామ్యూల్ మోర్స్ కనిపెట్టిన టెలిగ్రాఫ్‌ను పరీక్షించడానికి అమెరికా కాంగ్రెస్ 30,000 డాలర్లు మంజూరు చేసింది. వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాల మధ్య సీసపు గొట్టంలో తీగలను భూమిలో పాతే గుత్త స్మిత్‌ది. కందకం తవ్వి, గొట్టాన్ని పరిచి, మట్టిని తిరిగి కప్పే యంత్రాన్ని నాగలి నమూనాలోనే కార్నెల్ తయారుచేశారు.

పని మొదలయ్యాక గొట్టంలోని తీగలకు చుట్టిన పూత సరిగా లేదని తేలింది. వైఫల్యం పత్రికల కంటపడకుండా పని ఆపాలని మోర్స్ కోరిక. కార్నెల్ యంత్రాన్ని కావాలనే ఒక బండకు గుద్దించి విరగ్గొట్టారు. చూసినవారికి అది ప్రమాదంగానే కనిపించింది. ఆ శీతకాలం ఆయన వాషింగ్టన్ గ్రంథాలయంలో విద్యుత్తుపై దొరికిన పుస్తకాలన్నీ చదివి, స్తంభాల మీదుగా తీగలు లాగడమే మార్గమని నిర్ణయానికి వచ్చారు. స్తంభం వద్ద గాజు పలకల మధ్య తీగను ఉంచే పద్ధతి ఆయనదే. 1844 మే 24న తొలి సందేశం ఆ తీగల మీదుగానే వెళ్లింది.

తరువాతి పదేళ్లు న్యూయార్క్ నుంచి పశ్చిమ రాష్ట్రాల దాకా ఆయన తంతి మార్గాలు వేశారు. చేసిన పనికి నగదు బదులు వాటాలు తీసుకునేవారు. కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీపడి నష్టపోతున్న కాలం కావడంతో ఆ కాగితాలకు విలువ లేదు. అప్పులవాళ్లు ఇంటి చుట్టూ తిరిగారు. అయినా ఆయన వాటాలు అమ్మలేదు. 1856లో పోటీ సంస్థలు విలీనమై వెస్టర్న్ యూనియన్ ఏర్పడింది. అంతర్యుద్ధ కాలంలో తంతి వార్తలకు గిరాకీ పెరిగి ఆ వాటాలకు రెక్కలొచ్చాయి. సంస్థలో అతి పెద్ద వాటాదారు కార్నెలే. నిన్నటిదాకా కిరాణా దుకాణంలో అప్పు పుట్టని కుటుంబానికి ఏడాదికి లక్ష డాలర్లకు మించి ఆదాయం రాసాగింది.

ఆ డబ్బుతో ఆయన మొదట మేలు జాతి పశువులను కొన్నారు. ఆ తరువాత ఇథాకా ప్రజలకు ఉచిత గ్రంథాలయం కట్టించారు. 1862, 1863 సంవత్సరాలలో రాష్ట్ర దిగువ సభలోనూ, 1864 నుంచి 1867 వరకు సెనేట్‌లోనూ రిపబ్లికన్ సభ్యునిగా పనిచేశారు. గ్రంథాలయం బిల్లు సందర్భంగానే విద్యా కమిటీకి అధ్యక్షత వహిస్తున్న యువ సెనేటర్ ఆండ్రూ డిక్సన్ వైట్‌తో పరిచయమైంది.

అంతకుముందు, 1862లో మొరిల్ చట్టం వచ్చింది. కాంగ్రెస్‌లోని ఒక్కొక్క సభ్యునికి 30,000 ఎకరాల చొప్పున రాష్ట్రాలకు భూమి ఇచ్చి, దాని విలువతో వ్యవసాయ, యంత్రవిద్యా కళాశాలలు నడపాలన్నది దాని ఉద్దేశం. మన దేశంలో 1960లలో పంత్‌నగర్‌లోనూ, హైదరాబాద్ శివార్లలోని రాజేంద్రనగర్‌లోనూ వెలసిన వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఆ సంస్థలే నమూనా. న్యూయార్క్ వాటా 9,89,920 ఎకరాలు. ఆ వనరును రెండు కళాశాలలకు పంచాలని కార్నెల్ తొలి ప్రతిపాదన. ముక్కలు చేస్తే ఎవరికీ చాలదని వైట్ అడ్డుపడ్డారు. చివరికి కార్నెలే మనసు మార్చుకుని, నిధి మొత్తం ఒకే సంస్థకు ఇస్తే 5 లక్షల డాలర్లు, ఇథాకాలోని తన పొలం ఇస్తానన్నారు. మతసంస్థల కళాశాలలు వ్యతిరేకించాయి. లైమాలోని జెనెసీ కళాశాలకు 25,000 డాలర్లు చెల్లించాలనే షరతు కూడా ఆయనపై పెట్టారు. దానం చేయడానికి అనుమతి కోసం మరో దానం చేయవలసి రావడం విచిత్రమే. 1865 ఏప్రిల్ 27న గవర్నర్ ఫెంటన్ బిల్లుపై సంతకం చేశారు.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. న్యూయార్క్‌కు దక్కినవి భూములు కావు, ఇతర రాష్ట్రాలలో భూమి ఎంచుకునే హక్కు పత్రాలు. రాష్ట్రాలన్నీ ఒకేసారి అమ్మకానికి దిగడంతో ఎకరం ధర 50, 60 సెంట్లకు పడిపోయింది. చాలా రాష్ట్రాలు వచ్చినకాడికి అమ్ముకున్నాయి. కార్నెల్ 1866లో ఆ పత్రాలను తానే తీసుకుని విస్కాన్సిన్‌లో దాదాపు 5 లక్షల ఎకరాల పైన్ అడవులను ఎంపిక చేయించారు. అవి అంతకు కొన్ని దశాబ్దాల ముందు ఒప్పందాల ద్వారా ఒజిబ్వే ఆదివాసుల చేజారిన నేలలు. ధర పెరిగాక అమ్మి, లాభమంతా విశ్వవిద్యాలయానికే ఇవ్వాలన్నది ఒప్పందం. అప్పటిదాకా పన్నులు, ఏజెంట్ల జీతాలు ఆయన భరించాలి.

1868 అక్టోబర్ 7న విశ్వవిద్యాలయం 412 మంది విద్యార్థులతో ప్రారంభమైంది. తొలి అధ్యక్షుడు వైట్. ఎవరైనా ఏ విద్యనైనా అభ్యసించగల చోటు కావాలని జబ్బుతో నీరసించి ఉన్న కార్నెల్ ఆశించారు. 1872లో కలప వ్యాపారి హెన్రీ సేజ్ ఇచ్చిన విరాళంతో మహిళలకు కూడా ప్రవేశం లభించింది. మరుసటి ఏడాది మహిళల వసతి భవనం పునాదిరాయిలో కార్నెల్ ఒక లేఖ ఉంచారు. అందులో సహవిద్య గురించిన సందేహాలే ఉంటాయని శతాబ్దానికి పైగా చాలామంది భావించారు. 1990లలో తెరిచి చూస్తే, ఆయన భయమంతా మతశాఖల కలహాల గురించేనని తెలిసింది. వెలివేత ఆయన మరచినట్లు లేదు.

ఈలోగా ఇథాకాకు రైలు మార్గాలు కావాలని ఆయన తన మిగిలిన సంపదను వాటిలో పోశారు. అక్కడా మధ్యలో వదలలేదు. 1873 ఆర్థిక కల్లోలంలో ఆ పెట్టుబడి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అదే ఏడాది వచ్చిన ఆరోపణపై గవర్నర్ నియమించిన సంఘం విచారణ జరిపి, భూముల వ్యవహారంలో కార్నెల్‌కు స్వలాభం లేదని అధిక సంఖ్యాక సభ్యుల నివేదికలో తేల్చింది. 1874 డిసెంబర్ 9న ఆయన ఇథాకాలో కన్నుమూశారు. కుమారుడు అలాంజో తరువాత అదే రాష్ట్రానికి గవర్నర్ అయ్యారు.

పైన్ భూములు అప్పటికే విశ్వవిద్యాలయం పేరిట మారాయి. ఖర్చులు భరించలేక ధర్మకర్తలు అమ్మకానికి మొగ్గినా, కలప విలువ ఎరిగిన సేజ్ ఆగమన్నారు. 1880లలో ధరలు పెరిగాక అమ్మకాలు జోరందుకున్నాయి. ఖర్చులు పోను విశ్వవిద్యాలయానికి సుమారు 50 లక్షల డాలర్లు మిగిలాయి.